అక్క ఇంటికి టికెట్టు కొనుక్కుని

పత్తి కొనేవాళ్ళకు ఎవరి మీదా నమ్మకం ఉండదు. నమ్మితే మిల్లు మూసుకోవాల్సిందే. బేలు అనే పత్తి కట్ట పైన కనిపించేది ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. చెయ్యి లోపలికి పోనిచ్చి, మధ్యలోంచి ఒక పిడికెడు లాగి, వేళ్ళ మధ్య పెట్టి సాగదీసి చూస్తే గాని అసలు సంగతి బయటపడదు. పైన పటారం, లోన లొటారం. కోయంబత్తూరు దగ్గర మా అత్తగారివాళ్ళకున్న చిన్న నూలు మిల్లులో పత్తి కొనుగోలు చూసుకోవడం నా పని. పెళ్ళయిన కొత్తలో మామగారు నేర్పారు, ఆయన పోయాక అది నా చేతికే వచ్చింది. ఇన్నేళ్ళు బేళ్ళలో చెయ్యి పెట్టీ పెట్టీ, మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా నాకు అదే అలవాటైంది. మా ఆయన దాన్ని రోగం అంటారు. నేను జాగ్రత్త అంటాను.

అందుకే మదురైలో ఒంటరిగా ఉంటున్న మా అక్క ఒకరోజు ఫోనులో అన్న మాటకు నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"శనివారం పొద్దు వాలినాక నాకు పోను చేయొద్దు అమ్మిణీ. ఇంటికి మనుషులు తినేదానికి వస్తారు."

అమ్మిణి అనేది నా పేరు కాదు. మా వైపు చిన్నపిల్లల్ని ముద్దుగా పిలిచే పిలుపు. నాకు మనవరాలు పుట్టినా అక్కకు నేను ఇంకా అమ్మిణినే.

"ఎవురక్కా వచ్చేది?"

"ఎవురో ఊరు చూడొచ్చినవాళ్ళు. ఒకాయన నడిపించుకోని వస్తాడు. సంగటి పెడ్తా, తిని పోతారు."

"ఒకాయనంటే ఎవురు?"

"రొంబ మంచాయనే."

చాలా మంచాయనట! అక్క నోట ఆ మాట ఎంతమంది గురించి విన్నానో లెక్క లేదు. పుచ్చు వంకాయలు అంటగట్టిన బండివాడూ మంచాయనే, కుళాయి బాగుచేస్తానని వచ్చి ఉన్న కుళాయి కూడా ఊడగొట్టిపోయినవాడూ మంచాయనే.

అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ పొలంలో ఉంటే నన్ను చంకనేసుకుని తిరిగింది తనే. బావ బోడినాయకనూరు నుంచి ఏలకులు తెప్పించి మదురైలో అమ్మేవారు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. పిల్లలు లేరు. గుడి చుట్టూ తిరిగే వీధుల్లో, మాసి వీధికి ఆనుకున్న ఒక సందులో వాళ్ళ ఇల్లు. ముందు తలుపు ఒక సందులోకి తెరుచుకుంటుంది, వెనక వంటింటి తలుపు ఇంకో సందులోకి. అక్క మా దగ్గరికి వచ్చేస్తానని ఒప్పుకుంది. నేను ఆర్.ఎస్. పురంలో మా ఇంటి కింది గది ఖాళీ చేయించి, కొత్త మంచం వేయించి, స్నానాల గదిలో జారిపడకుండా పట్టుకోవడానికి కడ్డీలు కూడా పెట్టించాను. ఆడి నెల, అంటే ఆషాఢం, పోయాక వస్తానంది. ఆడి పోయింది. నవరాత్రి పోనీ అంది. నవరాత్రీ పోయింది. ఇప్పుడేమో ఎవరో తినడానికి వస్తున్నారట.

నాకు కథ మొత్తం అర్థమైపోయింది. మొగుడు పోయిన మనిషి, వెనకాముందూ ఎవరూ లేరు, ఊరి నడిబొడ్డున సొంత ఇల్లు. అక్కడ జానెడు నేల దొరకాలంటే పెట్టి పుట్టాలి. ఎక్కడినుంచో ఒక మంచాయన వచ్చాడు. ఇవాళ తినేవాళ్ళను తెస్తాడు, రేపు ముందుగది అడుగుతాడు, ఎల్లుండి అక్క చేతికి కలం ఇస్తాడు.

మా ఆఫీసులో కంప్యూటరు పని చూసే అమ్మాయిని అడిగితే అతని పేజీ వెతికి పెట్టింది. పాత రాజధాని నగరంలో నడుస్తూ, తింటూ, చరిత్ర తెలుసుకోండి అని పిలుపు. కింద వరసగా ఫోటోలు. అన్నిటికంటే చివర మా అక్క ఇంటి ముందు తలుపు, పొయ్యి ముందు అక్క వీపు. నాయక రాజుల కాలం నాటి తెలుగు ఇంట్లో నాలుగు వందల ఏళ్ళ నాటి వంట అని రాసుంది. చదవగానే నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఇల్లు కట్టించింది బావ వాళ్ళ నాన్న. ఆ వంట మా అమ్మది, ఉడుమలపేట పక్కన మా పల్లెటూరి వంట. ఇందులో నాయకరాజు ఎక్కడున్నాడు?

"అక్కనే నేరుగా అడగరాదా?" అన్నారు మా ఆయన. అడిగితే ఏమంటుందో తెలిసిందే కదా. అందుకని ఆఫీసు అమ్మాయి పేరు మీద, ఆ అమ్మాయి ఫోను నుంచి, శనివారం నడకకు ఒక టికెట్టు కొనిపించాను. సాయంత్రమంతా అతని వెంట నడవాలి. అతని గుట్టు పట్టుకోవాలి. చివరికి అక్క ముందే నిలదీయాలి. మర్నాడు పొద్దున్న రైలుకు అక్కను తీసుకుని కోయంబత్తూరు చేరాలి. అక్క చీరలకని ఒక ఖాళీ సంచి కూడా మడిచి పెట్టుకున్నాను.

పళని మీదుగా పోయే రైల్లో, గుండు చేయించుకుని గంధం పూసుకున్న భక్తుల మధ్య కూర్చుని మదురై చేరాను. ఎప్పుడో పొద్దుటి నడకకని కొన్న చుడీదారు వేసుకున్నాను. ముఖానికి మాస్కు, కళ్ళకు నల్లద్దాలు. రైల్వే స్టేషను అద్దంలో చూసుకుంటే నాకే నేను దొంగలా కనిపించాను.

నాలుగు వీధులు కలిసే చోట పాతకాలపు దీపస్తంభం ఒకటుంది. అక్కడ కలవమన్నారు. నాకంటే ముందే బెంగళూరు నుంచి వచ్చిన కొత్త దంపతులు ఉన్నారు. వాళ్ళకు ఊరుకంటే ఒకరి ఫోటో ఒకరు తీసుకోవడం మీదే ధ్యాస. పొడుగాటి విదేశీ ఆవిడ ఒకరు ఉన్నారు. ఇంతలో ఆ మంచాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజాన గుడ్డ సంచి, మడమ దగ్గర అరిగిన చెప్పులు. నవ్వుముఖం. నవ్వుముఖాలను నేను ముందే నమ్మను.

వాళ్ళతో ఇంగ్లీషులో, నాతో తమిళంలో మాట్లాడాడు. "మీరు నిలబడింది ఒక రాజధాని నడిమధ్యలో," అని మొదలుపెట్టాడు. పాండ్యుల రాజధాని, ఆ తర్వాత నాయకరాజుల రాజధాని. ఆ రాజులు తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడే ఉండిపోయారు, ఇవాళ్టికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు అన్నాడు. విదేశీ ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. నాకేం కొత్త కాదు. మనం దక్షిణానికి వస్తుంటే ఒక నది రెండుగా చీలి దారి ఇచ్చిందని మా అవ్వ చెప్పేది. ఏ నది అని అడిగితే మాత్రం కోప్పడేది. అప్పుడే నాకు చరిత్ర మీద అనుమానం పట్టుకుంది.

మొదట పరుత్తిపాలు తాగించాడు. పత్తిగింజ నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, తాటిబెల్లం, శొంఠి వేసి కాచే పానీయం. చిన్న గ్లాసుల్లో పొగలు కక్కుతుండగా ఇచ్చారు. మా వైపు పత్తిగింజ నూనె మిల్లుకు పోతుంది, లేకపోతే పశువుల తొట్టిలోకి. మనుషులు తాగుతారని విన్నానే గాని ఎప్పుడూ తాగలేదు. పత్తి గురించి నాకే చెవిలో పువ్వు పెడతాడా అనుకుని, "ఇది గింజ పాలేనా, పిండి కలిపిన నీళ్ళా?" అని అందరి ముందూ అడిగాను.

అతను నవ్వి బండి వెనకున్న ముసలాయన వైపు చూశాడు. ఆయన కుండలోంచి నానిన గింజలు తీసి నా అరచేతిలో పోశాడు. నలిపి చూశాను, మాస్కు కిందికి లాగి కొరికి చూశాను. మంచి గింజే. తాగితే గొంతు వెచ్చగా, బాగుంది. బాగుండటం నాకు నచ్చలేదు.

కానీ నేను ఊరికే వదిలే రకం కాదు. ఇది నూరేళ్ళనాటి బండి అని అతను విదేశీ ఆవిడకు చెబుతున్నప్పుడు నేను ముసలాయన పక్కకు జరిగి, ఎప్పుడు పెట్టారు తాతా అని మెల్లగా అడిగాను. "మా నాయన పెట్టినాడమ్మా, నాకు మీసం వచ్చేటప్పుడు," అన్నాడాయన తమిళంలో. ఆయన మీసం నెరిసిన మాట నిజమే గాని నూరేళ్ళు కాదు. ఒక అబద్ధం దొరికింది. మనసులో ముడి వేసుకున్నాను. అదే సమయంలో అతను కొంచెం దూరంగా పోయి, మాకు వీపు పెట్టి, ఫోనులో గుసగుసగా ఏదో మాట్లాడాడు. మాట్లాడుతూ ఒకసారి నా వైపు తిరిగి చూశాడు. దానికీ ఒక ముడి వేశాను.

తర్వాత నాయకరాజుల మహలు. ఆ స్తంభాలను చూస్తే ఎంత గట్టి గుండె అయినా ఒక్క క్షణం ఆగుతుంది. నలుగురు చేతులు కలిపినా చుట్టలేనంత లావు. సున్నంలో బెల్లం, కోడిగుడ్డు తెల్లసొన కలిపి నున్నగా మెరుగు పెట్టారని అతను చెప్పాడు.

"మీరు చూశారా?" అన్నాను.

"లేదమ్మా."

"మరి ఎట్లా చెబుతున్నారు?"

"మా గురువు చెప్పారు, విన్నాను. నేను చెబుతున్నాను, మీరు వింటున్నారు. ఇంకొకరికి మీరు చెబుతారు." ఆ మాట అంటున్నప్పుడు కూడా నవ్వుముఖమే. ఇటువంటి వాళ్ళను ఎక్కడ పట్టుకోవాలో తెలీదు, జారిపోతారు.

మహలు దాటాక ఒక ఇరుకు హోటలుకు తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళో కరిదోశ పేరున్న తిండి. మందపాటి దోశ మీద వేటమాంసం కూర పరిచి కాలుస్తారు. మసాలా వాసన వీధి మలుపు దాకా వచ్చింది. బెంగళూరు దంపతులకు ఒకటి, విదేశీ ఆవిడకు ఒకటి వచ్చాయి. నా ముందు మాత్రం ఇడ్లీలు, మూడు రకాల పచ్చళ్ళు పెట్టారు. నేనింకా నోరు తెరవనే లేదు.

మా ఇళ్ళలో శనివారం పెరుమాళ్ళది. ఆరోజు మాంసం ముట్టం. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. టికెట్టు కొన్న ఆఫీసు అమ్మాయికైతే శనివారమూ ఒకటే, ఆదివారమూ ఒకటే.

"నేను మాంసం తిననని మీకెవరు చెప్పారు?" అన్నాను.

"చూస్తే తెలిసింది," అన్నాడు.

నల్లద్దాలూ మాస్కూ తప్ప చూడటానికి నా ముఖంలో ఏముంది? ఇడ్లీ పక్కకు నెట్టాను. మనుషుల ఇంటిగుట్టు, కులం, వారం, వర్జ్యం అన్నీ కనిపెట్టగలిగినవాడు ఒంటరి ఆడమనిషి ఇంట్లో ఇంకెన్ని కనిపెట్టి ఉంటాడో! అక్క బీరువా తాళం ఎక్కడ పెడుతుందో కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. నిజం చెప్పాలంటే అక్కడ నాకు భయం వేసింది. అంతదాకా కోపమే, భయం లేదు.

పూలంగళ్ళ పక్కగా నడుస్తున్నప్పుడు మిగతావాళ్ళు మల్లెపూల దండలు చూస్తూ వెనకబడ్డారు. ఇదే సమయమని అతని పక్కకు చేరాను.

"ఆఖరున ఏదో ఇంటికి తీసుకుపోతారట కదా. ఎవరిది?"

"ఒక పెద్దమ్మది."

"ఒక్కతే ఉంటుందా? వెనకాముందూ ఎవరూ లేరా?"

"ఒక చెల్లెలు ఉన్నారట, కోయంబత్తూరులో."

"ఏం చేస్తుందట?"

అతను చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే అన్నాడు. "అనుమానపడుతుందట."

లేచి, ఏమీ ఎరగనట్టు ముందుకు నడిచాడు. నా చెవులు వేడెక్కాయి. అక్క నా గురించి ఈ దారినపోయే దానయ్యతో చెప్పుకుందన్నమాట. అప్పుడే మాస్కు పీకి అతన్ని దులిపేద్దామనుకున్నాను. అక్క ముందే దులపాలని ఆపుకున్నాను.

చీకటి పడే వేళకు సందులోకి తిరిగాం. అక్క ఇంటి ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసి ఉంది. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. బావ పోయాక ఆ తలుపు ఒక రెక్కే తెరవడం నేను చూశాను. ముందుగదిలో చాపలు పరిచి, ఆకులు వేసి, నీళ్ళు పెట్టి సిద్ధంగా ఉంది. అక్క గడప దగ్గర నిలబడింది. గంజి పెట్టిన నూలు చీర, తలస్నానం చేసి ముడివేసిన జుట్టు. ఒక్కొక్కరికే చేతులు జోడించి లోపలికి పిలిచింది.

నేను అందరికంటే వెనక ఉన్నాను. నా వంతు వచ్చింది. అక్క నా ముఖంలోకి చూసింది. మాస్కు మీద నుంచి, నల్లద్దాల్లోంచి, లోపలికి చూసింది. నన్ను పెంచిన మనిషి అది. గుర్తుపట్టిందని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. చేతులు జోడించింది.

"వాంగమ్మా. ఉక్కారుంగ," అంది.

రండమ్మా, కూర్చోండి అని. తమిళంలో.

తెలుగుదేశంలో ఉన్నవాళ్ళకు ఇందులో ఏముందో తెలియాలంటే మా ఇళ్ళ పద్ధతి చెప్పాలి. మేం గడప బయట తమిళంలో బతుకుతాం. బళ్ళో, బజారులో, కోర్టులో, ఆస్పత్రిలో అంతా తమిళమే. నేను తెలుగు రాయడం కూడా పిల్లలు పెద్దయ్యాక మొండిగా నేర్చుకున్నదే. తెలుగు ఇంటిమనుషులకు. బయటివాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా వాళ్ళతో తమిళమే, ఇంటిమనిషి ఎంత శత్రువైనా తెలుగులోనే తిట్టుకుంటాం. ఇంకొకటి కూడా ఉంది. ముందుగదిలో ఆకు వేసేది విరుందాళికి, అంటే అతిథిగా వచ్చినవాళ్ళకు. ఇంటి ఆడబిడ్డ వస్తే ముందుగదిలో ఆగదు. కాళ్ళు కడుక్కుని సరాసరి వంటింట్లోకి పోయి గరిటె అందుకుంటుంది.

పుట్టి బుద్ధెరిగాక అక్క నాతో ఒక్క తమిళ మాట మాట్లాడి ఎరగదు. నేను ఆ ముగ్గురితోపాటు చాప మీద కూర్చున్నాను.

అక్క వడ్డించింది. రాగి సంగటి ముద్ద, నడుమ గుంట చేసి నెయ్యి, పక్కన చిక్కటి ఉలవచారు, వేరుశనగ పచ్చడి. నా ఆకు దగ్గరికి వచ్చినప్పుడూ మిగతావాళ్ళ దగ్గర వంగినంతే వంగింది, అంతే పెట్టింది. మాస్కు దించి నోట్లో పెట్టుకోగానే అమ్మ వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. తెలియనివాళ్ళ మధ్య కూర్చుని డబ్బిచ్చి అమ్మ చేతి ఉలవచారు తాగుతున్నాననిపించి, రెండో ముద్ద మింగలేకపోయాను.

అందరూ తింటుంటే అక్క గోడకు ఆనుకుని కూర్చుని కథలు చెప్పింది. అక్క తమిళంలో చెబుతుంటే అతను ఇంగ్లీషులో అందించాడు. ఈ సంగటి తిన్న చేత్తోనే మా పెద్దలు కత్తి పట్టారంది. నాయకరాజు ఒకసారి ఆకలేసి ఈ సందులోకి వచ్చాడంది. నేను ఆకులోకి చూస్తూ విన్నాను. మా అక్క ఇంత తొణక్కుండా అబద్ధాలు చెప్పగలదని నాకు అప్పటిదాకా తెలీదు. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. అక్క ముఖం వెలిగిపోతోంది. బావ పోయాక ఆ ముఖం నేను చూడలేదు.

విదేశీ ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. ఇంత పెద్ద ఇంట్లో ఒక్కరే ఎట్లా ఉంటారు, మీవాళ్ళ దగ్గరికి పోరాదా అని. అతను ఆ ప్రశ్నను తమిళంలోకి మార్చడానికి కొంచెం తటపటాయించాడు. మార్చాక అక్క నా వైపు చూడకుండానే చెప్పింది.

"నాకొక చెల్లెలు ఉంది. నాకోసం గది సిద్ధం చేసింది. కొత్త మంచం వేసింది. స్నానాల గదిలో కడ్డీలు పెట్టించింది, నేను జారిపడతానని తనే తీర్మానం చేసుకుని. ఆ ఇంట్లో వంటకు మనిషి ఉంది, తుడవడానికి మనిషి ఉంది. నాకు మాత్రం పని లేదు. నన్ను తీసుకుపోయి అక్కడ కూర్చోబెడుతుంది. కూర్చున్నానా లేదా అని రోజూ వచ్చి చూసుకుంటుంది. నేనెప్పుడు పోతానా అని నాకే విసుగు పుట్టేదాకా బాగా చూసుకుంటుంది."

అతను విదేశీ ఆవిడ వైపు తిరిగి, "ఆమె చెల్లెలికి ఆమె అంటే ప్రాణం, ఆమెకోసం ఒక గది ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుంది అంటున్నారు," అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ సాయంత్రం అతను చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ అది పెద్దది. నా చేతికి నేరుగా దొరికింది. పట్టుకోవాలనిపించలేదు.

చివరికి అందరికీ ఆకులో చుట్టిన ఒప్పుట్టు ఒక్కొక్కటి ఇచ్చింది. అంటే ఆంధ్రవాళ్ళు బొబ్బట్టు అనేది. నాకూ ఇచ్చింది. "పోయిట్టు వాంగ," అంది, పోయి రండి అని. మిగతావాళ్ళతోపాటు నేనూ గడప దాటాను. వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది.

సందు మొదట్లో అతను అందరికీ వీడ్కోలు చెప్పాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "వెనక తలుపుకు గొళ్ళెం వేయలేదమ్మా," అని వెళ్ళిపోయాడు. నేను ఆ సందులో చేతిలో పొట్లం పట్టుకుని నిలబడి ఏడ్చాను. అవమానంతో ఏడ్చానా, దుఃఖంతో ఏడ్చానా అంటే చెప్పలేను. అక్క నన్ను బయటిదాన్ని చేసింది. ఎవరు ముందు చేశారో నాకు తెలుసు. అక్క ఇంటికి టికెట్టు కొనుక్కుని వచ్చింది నేనే కదా.

ముఖం తుడుచుకుని, చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళాను. వంటింటి తలుపు తోస్తే తెరుచుకుంది. అక్క తొట్టి ముందు కూర్చుని గిన్నెలు తోముతోంది. తల తిప్పలేదు.

"కాళ్ళు కడుక్కోని ఆ గుండాను ఇట్లా ఇయ్యి," అంది. తెలుగులో.

సంగటి కెలికిన పెద్ద గిన్నె అది. ఇచ్చాను. కొంగు దోపడానికి చీర లేదు, చుడీదారు చేతులు పైకి మడిచి పక్కన కూర్చున్నాను. అక్క తోమింది, నేను కడిగాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"పరుత్తిపాలు తాగేటప్పుడే ఆయన పోను చేసినాడు. 'మీ చెల్లెలు మొగానికి గుడ్డ కట్టుకోని వచ్చుండాదమ్మా, అచ్చం మీ మాదిరే నడుస్తా ఉండాది, మీ మాదిరే గింజ కొరికి చూసినాది' అన్యాడు. శనివారం, కరిదోశ పెట్టొద్దని నేనే చెప్తిని."

"అక్కా, ఆయన అన్నీ అబద్ధాలు చెప్తాడు. ఆ బండి నూరేండ్లది కాదు. ఈ ఇల్లు..."

"నాలుగు నూరేండ్లు చెప్పిచ్చినది నేనే. ఆయన పాపం ఎనబై ఏండ్ల ఇల్లని రాసుకోనుండె. ఎనబై ఏండ్లకు ఎవురు వస్తారు అంటి."

తోమిన గిన్నె అందుకుని నీళ్ళు పోశాను. కానీ లోపల ఉన్నది పోలేదు. "రేపు ఇల్లు రాయించుకుంటే?" అన్నాను.

అక్క తోమడం ఆపింది. "నన్ను ఏమని అనుకుంటివి అమ్మిణీ? ఏలకులు అమ్మిన ఇల్లు ఇది. మీ బావ మూట విప్పకముందే, ఏది పాతసరుకు, ఏది కొత్తసరుకు అని నేను వాసన పట్టి చెప్తా ఉంటి. లోపల చెయ్యి పెట్టి చూసేది నువ్వు ఒకతేనా? ఆయన ముందుగది బాడిగకు అడిగినాడు. ముడియాదు, కుదరదు అంటిని. మళ్ళా అడగలా. అడిగితే మళ్ళా అంటాను."

ముందుగది అడిగాడన్నమాట! నేను అనుకున్నదే. ఆ మనిషి మీద నాకు అనుమానం ఆరోజు పోలేదు, ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు. కానీ ఇంతకాలం అక్కడ కాపలాకు ఎవరూ లేరనుకోవడమే నా పొరపాటు. అక్క ఉంది.

గిన్నెలు బోర్లించాక అడగాల్సింది అడిగాను. "అయితే కోయమత్తూరుకు రావా?"

"ఏంటికి రాను? వస్తా. పెండ్లికి వస్తా, పేరంటానికి వస్తా. విరుందాళిగా వస్తా. నాలుగునాళ్ళు ఉండి, ఈడికి వచ్చేస్తా."

"ఆ గది నీకనే చేసిపెట్టినా కదక్కా. అది నీ ఇల్లు కాదా?"

అక్క చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు. నా చిన్నప్పుడు లెక్కలు చెప్పేటప్పుడు ఎట్లా ఉండేదో అట్లా ఉంది.

"మీ ఇంట్లో అందురూ నన్ను కూసో కూసో అంటారు, అమ్మిణీ. నీ మొగుడు అంటాడు, వంటమనిషి అంటాది, నువ్వు అంటావు. ఈడ ఆ మాట అనేది నేను."

అని, పొయ్యి పక్కన నేల తుడిచి, ఒక పళ్ళెం పెట్టింది. మూత కింద దాచిన సంగటి ముద్ద తీసింది.

"ఆకులో అంతా అట్లే వదిలేస్తివి. కూసో," అంది.

నేను కూర్చున్నాను.